తామ్వేలో కుండ గుర్తు

చాలా ఏళ్ళ కిందట బరంపురంలో అచ్చయ్యే ఒక చిన్న వారపత్రికలో నేను బర్మాలోని యాంగాన్ యాత్ర గురించి కొన్ని వారాలు రాశాను. చదివినవాళ్ళు నవ్వుకున్నామన్నారు. అందులో మా సింహాచలం మావయ్య గురించి ఒక వాక్యం ఉంది. "ఎన్నికల్లో నిలబడ్డాడు గానీ చివరికి భయపడి తప్పుకున్నాడు" అని. ఆ వాక్యం అబద్ధం. మావయ్య భయపడలేదు, తప్పుకోలేదు. భయపడింది ఎవరో నేను రాయకుండా వదిలేశాను. ఇప్పుడు అదే ప్రయాణాన్ని మళ్ళీ రాస్తున్నాను. అప్పటి ఊళ్ళూ, అప్పటి తిండీ అలాగే ఉంటాయి. ఆ వాక్యం ఒక్కటే మారుతుంది.

అప్పుడు నేను పాతికేళ్ళ కుర్రాణ్ణి. మా ఊళ్ళో ఏ ఎన్నికలొచ్చినా రిక్షాకి మైకు కట్టుకుని తిరిగేది నేనే. ఏ పార్టీ అని అడగొద్దు. భోజనం పెట్టిన పార్టీ. కలకత్తా నుంచి యాత్రికుల బృందం ఒకటి యాంగాన్ వెళ్తోందనీ, వారం రోజులకి అనుమతి ఇస్తున్నారనీ తెలిసి చేరిపోయాను. అక్కడ తిరుగుబాటు అణిచేసి ఎంతో కాలం కాలేదు. బయటి దేశాల వాళ్ళు రావడం దాదాపు మానేశారు. అలాంటి చోట ఎన్నికలు జరుగుతున్నాయంటే, వంటవాడికి కొత్త వంటకం వాసన తగిలినట్టు నాకు కాళ్ళు ఆగలేదు.

లమ్మడా: ముందు గోడలకి రంగు

తిరుగుబాటు అణిచాక ప్రభుత్వం చేసిన మొదటి పని ఊరంతటికీ రంగులు వేయించడం. ఇంటి ముందు గోడకి ఎవరి ఖర్చుతో వాళ్ళు రంగు వేసుకోవాలని ఆజ్ఞ. పక్క గోడల గురించి ఆజ్ఞలో లేదు కాబట్టి ఎవరూ వేయలేదు. అందుకని వీధి మొదట్లో నిలబడి చూస్తే లమ్మడా పేట పెళ్ళివారి ఊరిలా ఉంది. సందు తిరిగితే పెచ్చులూడిన గోడలూ, వాటి మధ్య అక్కడక్కడ గుండ్రటి చిన్న గుంటలూ. ఆ గుంటలేమిటని మా గైడుని అడిగాను. "వర్షాలు" అన్నాడు.

దేశం పేరూ, ఊరి పేరూ అప్పుడే మార్చారు. తొంభై చాట్ల నోటొకటి, నలభై అయిదు చాట్ల నోటొకటి చలామణీలో ఉన్నాయి. చిల్లర ఇచ్చేటప్పుడు ప్రతి దుకాణదారూ ఆకాశంలోకి చూసి పెదవులు కదిపేవాడు. మొదట జపం చేస్తున్నాడనుకున్నాను.

మావయ్య దుకాణం ఆ వీధిలోనే. ఉల్లిపాయలు, చింతపండు, ఎండుమిరప టోకు వ్యాపారం. ఆయన మా అమ్మ పినతండ్రి కొడుకు. తాతగారి తరం గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కాగితాల మీద ఆయనకో బర్మా పేరుంది. వీధిలో అందరికీ ఊ సిమ్మా. "ఊ" అంటే మన "గారు" లాంటిది, కాకపోతే పేరుకి ముందు వస్తుంది.

"ఏటి బావూ, ఇంత సన్నంగున్నావు? మా అప్ప నీకు తిండెట్టడం నేదేటి?" అన్నాడు నన్ను చూసి. అప్ప అంటే బరంపురంలో ఉన్న ఆయన అక్క, నాకు పెద్దమ్మ. ఆవిడ మంచీ చెడ్డా అడిగి, ఆ తర్వాత, "నాను ఎలచ్చన్లో నిలబడ్డాను, తెలుసా?" అన్నాడు, జలుబు చేసిందన్నంత మామూలుగా.

ఆయన కూతురు పద్మ నేల మీద కూర్చుని అట్టముక్కల మీద కుండ బొమ్మలు వేస్తోంది. ఏం చదువుతున్నావని అడిగాను.

"యూనివర్సిటీ క్లోజ్ చేసీసారు బావా. నేను పాటరీ డిపార్ట్‌మెంట్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యాను" అంది తల ఎత్తకుండా.

కుండ మావయ్య ఎన్నికల గుర్తు.

టీ దుకాణంలో నలుగురేసి

ఐదుగురు దాటి ఎక్కడా గుమిగూడకూడదని ఉత్తర్వు. సభ పెట్టాలంటే అనుమతి కావాలి. ఉపన్యాసం ముందే రాసి చూపించాలి. స్వతంత్రుడిగా నిలబడిన ఒక జ్యోతిష్కుడు తన ఉపన్యాసం పట్టుకెళ్ళి చూపిస్తే అధికారులు ఓపిగ్గా చదివి మొదటి మాటా, చివరి మాటా ఉంచారట. ఆయన వేదిక ఎక్కి "మింగలాబా" అని నమస్కారం పెట్టి, "ధన్యవాదాలు" అని దిగిపోయాడు. ఆయన జీవితంలో ఇంత సూటిగా ఎప్పుడూ మాట్లాడలేదని విన్నవాళ్ళు మెచ్చుకున్నారు.

అందుకే ప్రచారమంతా టీ దుకాణాల్లోకి వచ్చి పడింది. అక్కడ ఒక్కో బల్లకి నాలుగే పీటలు. మావయ్య ఒక బల్ల దగ్గర టీ తాగి లేచి, పక్క బల్ల దగ్గర ఇంకో టీ తాగేవాడు. నలుగురిని మించిన సభ జరగలేదు. ఊరంతా తిరిగేసరికి ఆయనకి నిద్ర పట్టడం మానేసిందని అత్త ఫిర్యాదు.

ఆ దుకాణాల్లో సర్వరుని పిలవాలంటే పెదవులతో ముద్దు పెట్టినట్టు చప్పుడు చేస్తారు. మన ఊళ్ళో హోటల్లో ఆ చప్పుడు చేస్తే టీ రాదు, చెప్పు వస్తుంది. నేను సిగ్గుపడుతూ గాలిలో చిన్న ముద్దు పెడితే ఎవరూ రాలేదు. పక్క బల్ల మీది పెద్దాయన నా తరఫున గట్టిగా పెట్టాడు. మోహింగా వచ్చింది. చేపల పులుసులో బియ్యపు సేమ్యా, మధ్యలో అరటి దూట ముక్కలు. పొద్దున్నే చేపల పులుసా అనుకుంటూ రెండో గిన్నె తెప్పించుకున్నాను.

ఆ పెద్దాయన మావయ్యని ఆటపట్టిస్తున్నాడు. ఏమంటున్నాడో పద్మ చెబుతోంది. "నీ కుండలో నీళ్ళున్నాయా, గాలే ఉందా అంటున్నాడు బావా."

"గొడుక్కి గుడ్డ ఉందేటో ముందు సూసుకోమని సెప్పు" అన్నాడు మావయ్య.

గొడుగు గుర్తువాడు మొన్నటిదాకా ఊరిని ఏలిన పార్టీ మనిషి. ఆ పార్టీ పేరు మార్చుకుంది. పాత బోర్డు మీదే కొత్త పేరు రాయించారు. ఎండ పడినప్పుడు కింద పాత అక్షరాలు కూడా కనిపించేవి. దువ్వెన గుర్తు మీద నిలబడినది ఒక బడి మాస్టారు. ఆయన జైల్లో ఉన్నాడు. అందరికన్నా ముందున్నది ఆయనే. ఇంటింటికీ తిరిగి విసిగించలేదు, మాట తప్పలేదు, ఎవరి దగ్గరా టీ తాగలేదు.

"మరి నువ్వెందుకు నిలబడ్డావు మావయ్యా?" అన్నాను.

ఆయన దుకాణానికి తిరిగొచ్చాక, మూటల మధ్య కూర్చుని చెప్పాడు. "మన దగ్గర నూకరాజని మూటలు మోసీవోడు ఉండీవోడు. ఆ గొడవల్లో తుపాకీ తగిలి సచ్చిపోనాడు. సచ్చినోల పేర్లు రాసుకున్నోళ్ళని అడిగితే ఆడు ఈ దేశపోడు కాదన్నారు. మా తాతలకాడి నుంచి ఇక్కడ పుట్టి, ఇక్కడ సచ్చి, లెక్కలోకి రాకపోతే ఎలగ? నాను గెలవను బావూ. నాకు తెలుసు. గానీ వార్డాఫీసు గోడ మీద ఓటుకి నిలబడ్డోల పేర్లంటిస్తారు. ఆ గోడ మీద, ఆళ్ళ ముద్దరతో, మనోడి పేరొకటి ఉండాల. ఓటింగు రోజుదాకా ఉంటే సాలు."

నేను తలూపాను. ఇంత చిన్న కోరికతో ఎవరైనా ఎన్నికల్లో దిగుతారా అని లోపల నవ్వుకున్నాను కూడా.

ట్వంటే: కుండలన్నీ ఎవరో కొనేశారు

ఆ దేశంలో మంచి అలవాటొకటి ఉంది. దారిన పోయేవాళ్ళ కోసం ఇళ్ళ ముందు చిన్న అరుగు కట్టి మంచినీళ్ళ కుండలు పెడతారు. పుణ్యమని. మనకీ చలివేంద్రాలున్నాయి. కాకపోతే మన చలివేంద్రంలో కుండ కన్నా నాయకుడి ఫొటో పెద్దది, ఫొటో ఉన్నన్ని రోజులు నీళ్ళుండవు. అక్కడ ఫొటో లేదు, నీళ్ళున్నాయి. మావయ్య కుండ గుర్తు కోరుకున్నది ఇందుకే. ఉపన్యాసం ఆపగలరు గానీ, ఎండాకాలంలో దాహానికి నీళ్ళు పెట్టొద్దని ఏ అధికారి అంటాడు?

మరిన్ని కుండల కోసం మావయ్య, పద్మ, నేను కుమ్మరుల ఊరు ట్వంటే వెళ్ళాం. నది దాటి, కాలవ వెంట పడవ. రెండు పక్కలా కోసేసిన వరిచేలు. దిగేటప్పుడు నేను ఒడ్డున కాలు వేశాననుకుని నీళ్ళలో వేశాను. నడుము దాకా బురద. కుమ్మరి ఇంటి ముసలావిడ నవ్వీ నవ్వీ తన కొడుకు లుంగీ ఒకటి ఇచ్చింది. నేను దాన్ని మనలాగా మోకాళ్ళ పైకి మడిచి కట్టాను. చుట్టుపక్కలవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

"దించు బావూ, దించు" అన్నాడు మావయ్య. "ఇక్కడ అలగ కట్టినోడు ఎవుడితోనో తగువుకి దిగుతున్నట్టు."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. కుండలు లేవు. ముందు రోజే గొడుగు మనుషులొచ్చి ఉన్నవన్నీ కొనుక్కుపోయారట, మావయ్యకి దొరక్కుండా. మేం ఉసూరుమంటూ తిరిగొచ్చి, మావయ్య పోటీ చేస్తున్న తామ్వే పేటలో దిగేసరికి గొడుగు అభ్యర్థి ఇంటి ముందు జనం. కొన్న కుండలు పెట్టుకోవడానికి చోటు లేక గుమ్మం నుంచి గేటు దాకా పేర్చుకున్నాడు. ఊ సిమ్మాకి మద్దతు ప్రకటించారా అని వచ్చేపోయేవాళ్ళు అభినందిస్తున్నారు. ఆయన లుంగీ సర్దుకుంటూ అందరికీ వివరిస్తున్నాడు. పద్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి అక్కడే చతికిలబడింది.

తామ్వే: ఘటాలు

ఆ తర్వాత రెండో రోజు సాయంత్రం తామ్వేలో మనవాళ్ళ అమ్మవారికి ఘటాలు ఎత్తారు. పసుపు రాసి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టిన కుండలు తలల మీద పెట్టుకుని ఆడవాళ్ళు వీధుల్లో నడుస్తారు. మన ఉత్తరాంధ్ర ఊళ్ళలో చూసినదే. కానీ ఇక్కడ నాకు కొత్తగా కనిపించింది. మతపరమైన ఊరేగింపు కాబట్టి అనుమతి దొరికింది. వార్డు అధికారి స్వయంగా ముద్ర వేశాడు. ఐదుగురు దాటకూడని ఊళ్ళో వంద మందికి పైగా వీధి నిండా కుండలు మోసుకుంటూ నడుస్తున్నారు. ఒక నినాదం లేదు, ఒక జెండా లేదు. అరుగుల మీద నిలబడిన బర్మా వాళ్ళు కుండల వైపు చూసి, మావయ్య వైపు చూసి, ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటున్నారు. ఇంత గొప్ప ఎన్నికల ఊరేగింపు మన దేశంలో నేనెప్పుడూ చూడలేదు.

బయల్దేరే ముందు మావయ్య నాకొకటే మాట చెప్పాడు. "నువ్వేటీ మాటాడొద్దు బావూ. ఈయాల మనం ఎవులుమూ మాటాడం."

గుడి దగ్గర ఘటాలు దించారు. పూజయ్యాక గుడి పెద్ద ఒకాయన మైకులో, ఇండియా నుంచి మన చుట్టం వచ్చాడు, అమ్మవారి గురించి రెండు ముక్కలు చెబుతాడన్నాడు. మైకు నా చేతికొచ్చింది.

ఇక్కడ నేను సాకులు వెతకను. మైకు చేతికొస్తే మాలాంటివాళ్ళకి ఒళ్ళు తెలియదు. అమ్మవారి గురించి ఒక ముక్క చెప్పాను. రెండో ముక్కకి నా నోరు తనకి అలవాటైన దారి పట్టింది. పేదల పెన్నిధి అన్నాను. మన ప్రియతమ నాయకుడు అన్నాను. "మీ అమూల్యమైన ఓటును కుండ గుర్తుపై వేసి, మన సింహాచలం గారిని అఖండ మెజారిటీతో గెలిపించవలసిందిగా" అని పూర్తి చేసి, అలవాటు ప్రకారం చెయ్యి పైకెత్తాను.

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. చప్పట్లు కొట్టినది ఒకే ఒక్కడు. అమ్మవారి ప్రసాదానికని వచ్చి వెనక నిలబడిన గొడుగు గుర్తు అభ్యర్థి.

వార్డు ఆఫీసు

మర్నాడు ఇద్దరినీ పిలిచారు. అధికారి మర్యాదస్తుడు. ఊరేసిన తేయాకు, వేయించిన పల్లీలు పళ్ళెంలో పెట్టించాడు. తెలుగు మాటలకి అర్థం చెప్పడానికి పద్మని కూర్చోబెట్టాడు. విదేశీయుల సాయంతో ప్రచారం చేసుకున్న అభ్యర్థిని తొలగించాలని నియమం ఉందన్నాడు. నా పాస్‌పోర్టు ఆయన చేతిలో ఉంది. దాన్ని విసనకర్రలా ఊపుకుంటున్నాడు.

"ఆ మాటలు మీ అంతట మీరే అన్నారా, లేక ఊ సిమ్మా అనమన్నాడా?" అని అడిగాడు.

నేను సొంతంగా అన్నానంటే ఏం చేస్తారో నాకు తెలియదు. బహుశా రాత్రికి ఆ గదిలో ఉంచేవాళ్ళేమో. బహుశా తిట్టి విమానం ఎక్కించేవాళ్ళేమో. పక్క గోడల మీది గుంటలు గుర్తొచ్చాయి. కళ్ళు పళ్ళెం మీద పెట్టుకుని చెప్పాను. "మావయ్యే అనమన్నాడు."

ఆ మాటని పద్మ బర్మాలో చెప్పాలి. చెప్పలేదు. నా వైపు చూస్తూ ఉండిపోయింది. అధికారి పాస్‌పోర్టు ఊపడం ఆపాడు.

"సెప్పీయమ్మా" అన్నాడు మావయ్య. "ఆడన్నదే సెప్పు."

"నాన్నా, బట్..."

"కుర్రోడు ఇంటికెల్లాల. సెప్పీ."

ఆమె చెప్పింది. అధికారి మావయ్యని, నిజమేనా అని అడిగాడు. ఆయన బర్మాలో చిన్న మాటేదో అన్నాడు. ఆ భాష నాకు రాదు గానీ ఆ మాటకి అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నా పాస్‌పోర్టు నాకిచ్చేశారు. మావయ్యని లోపల గదిలోకి తీసుకెళ్ళారు. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టాడు.

బయటికొచ్చేసరికి ఒకతను గోడకంటించిన పేర్లలో ఒకదాని మీద నల్ల రంగు పూస్తున్నాడు. చాలా శ్రద్ధగా, గీత దాటకుండా పూశాడు. పేరు పోయింది. పక్కనున్న కుండ బొమ్మ మీద పూయమని అతనికెవరూ చెప్పలేదు కాబట్టి అది అలాగే ఉంది. పద్మ కొంచెం సేపు దాన్ని చూసి అంది.

"బావా, నీ వోట్ స్పీచ్ వెరీ గుడ్. ఇండియాలో నిలబడు. తప్పక గెలుస్తావు."

తర్వాతి రోజు బృందంతో పాటు విమానం ఎక్కాను. అత్త రొయ్యపొడి కారం సీసా ఒకటి సంచిలో పెట్టింది. బరంపురం చేరేలోగా దాన్ని నేనే తినేశాను.

ఇంటికొచ్చాక

పెద్దమ్మ గుమ్మంలోనే అడిగింది. "తమ్ముడి ఎలచ్చను ఏటయినాది నాయినా?"

"తప్పుకున్నాడు" అన్నాను. "ఎందుకూ?" అంది. "భయపడ్డట్టున్నాడు."

ఒకసారి అన్నాక దాన్ని అచ్చు వేయడం తేలికైపోయింది. పైగా యాత్రకి చక్కటి ముగింపులా కుదిరింది. చుట్టాల్లో ఆయనకి బెదురు సింహాచలం అని పేరు పడింది. పిల్లలెవరైనా చీకటికి భయపడితే సింహాచలం తాతలా ఉన్నావనేవారు. పెద్దమ్మ తమ్ముడి మాట ఎత్తడమే మానేసింది. అక్కణ్ణించి కబురొచ్చే దారి కూడా అప్పట్లో లేదు. నిజం చెప్పడానికి నాకు తీరిక దొరకలేదు, ఇన్నేళ్ళూ.

బరంపురం

ఆ దేశం తలుపులు కాస్త తెరిచాక, పోయిన శీతాకాలంలో మావయ్య అక్కని చూడ్డానికి వచ్చాడు, పద్మని తోడు తీసుకుని. బాగా ముసలివాడయ్యాడు. ఎడమ చెవి వినపడదు. ఆ ఎన్నికల ఏడాదే పోయిందట. ఎలా పోయిందో ఆయన చెప్పలేదు, అడిగే హక్కు నాకు లేదు.

పెద్దమ్మ చుట్టాలందరినీ భోజనాలకి పిలిచింది. వసారాలో రెండు వరసల విస్తళ్ళు. పప్పు వడ్డిస్తుండగా మా చిన్నాన్న కొడుకు ఎదటి వరస నుంచి మొదలుపెట్టాడు.

"ఏటి మావా, ఇక్కడ మాకూ పంచాయితీ ఎలచ్చన్లొస్తన్నాయి. నామినేషనేసి పారిపోడానికి మాకో మనిసి కావాల. నిలబడతావేటి?"

వరసలు రెండూ నవ్వాయి. మావయ్య కూడా నవ్వాడు. "నాకు పరుగులెక్కడివి బావూ, ముసలోణ్ణి" అన్నాడు. పెద్దమ్మ తలొంచుకుని ఆయన విస్తట్లో అడక్కుండానే ఇంకో గరిటె పప్పు వేసింది. పద్మ తినడం ఆపి నన్ను చూసింది. వార్డు ఆఫీసులో చూసినట్టే.

నేను విస్తరి ముందు నుంచి లేచాను. భోజనం మధ్యలో లేవకూడదని ఎవరో అంటున్నారు. మావయ్య ఎదురుగా వెళ్ళి నేల మీద కూర్చున్నాను.

"మావయ్యా, ఆ రోజు మైకులో ఓటడిగింది నా అంతట నేనే. నువ్వొద్దన్నావు. ఆఫీసరు అడిగితే నువ్వు చెప్పమన్నావని అబద్ధమాడాను. నన్ను ఇంటికి పంపడానికి నువ్వు ఆ అబద్ధాన్ని నీ మీద వేసుకున్నావు. నీ పేరు గోడ మీద చెరిపించింది నేను. ఇక్కడికొచ్చి నువ్వు భయపడ్డావని రాసిందీ నేనే. భయపడింది నేను. నన్ను క్షమించు."

గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. మావయ్య కుడి చెయ్యి ఎంగిలిదని ఎడం చేత్తో తన ఎడమ చెవి చూపించాడు.

"ఇటేపు ఇనపడదు బావూ" అన్నాడు. "అప్పకి కూడా ఇనపడాల. గట్టిగా సెప్పు."

పెద్దమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను లేచి నిలబడి, వసారా చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేలా, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.